పాదంలో గింజను పట్టిన చిత్రకారుడు

ముల్లు గుచ్చుకుంటుంది. లాగి పడేస్తాం, మరచిపోతాం. ఏడాదికో రెండేళ్లకో అదేచోట నొప్పిలేని గడ్డ లేస్తుంది. దాని మీద చిన్న చిన్న రంధ్రాలు పడి, చీముతో పాటు గసగసాల్లాంటి నలుసులు బయటికొస్తాయి. వైద్యులు దీన్ని మైసెటోమా అంటారు. జనం నోట మదురా ఫుట్. చర్మం కింద చేరిన ఫంగస్ వల్ల ఇది వస్తుందని మనదేశంలోనే, 1860లో చాటిచెప్పిన వైద్యుడు హెన్రీ వాండైక్ కార్టర్. ‘గ్రేస్ అనాటమీ’ బొమ్మలు గీసింది కూడా ఆయనే. ఆ పుస్తకం పేరు తెలియని డాక్టరు ఉండరు గానీ కార్టర్ పేరు తెలిసినవారు తక్కువ. ఆయన జీవితం తెలుసుకుంటే ఈ జబ్బును ఎలా గుర్తుపట్టాలో కూడా తెలుస్తుంది.

ముల్లుతో మొదలు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు వెళ్తుంటే ఒక పక్క కొత్త అపార్ట్‌మెంట్లు, ఫామ్‌హౌస్‌లు, జీనోమ్ వ్యాలీలోని టీకాల కంపెనీలు కనిపిస్తాయి. మరో పక్క ఇంకా మిగిలిన వరి మళ్లు, కూరగాయల తోటలు, గట్ల మీద సర్కారు తుమ్మ పొదలు. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ నేల ఇది. ఇక్కడ వట్టికాళ్లతో మట్టిలో దిగేవాళ్లు ఇప్పటికీ తక్కువేం కాదు. నాట్లు వేసే కూలీలు, పునాదులు తవ్వేవాళ్లు, ఫామ్‌హౌస్‌లో మొక్కలు చూసుకునే తోటమాలి, ఆదివారం సరదాగా చెప్పులు విడిచి మడిలో తిరిగే ఇంటి యజమాని. ముల్లుకు పేదా గొప్పా తేడా ఉండదు.

మైసెటోమా కలిగించే క్రిములు మట్టిలో, ముళ్ల మీద ఉంటాయి. ముల్లో, రాయో, పుల్లో గుచ్చుకున్నప్పుడు చర్మం కిందికి దిగుతాయి. అక్కడే మెల్లగా పెరుగుతూ గుంపులు కట్టి గింజల్లా తయారవుతాయి. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పట్టించుకునేసరికి ఎముక దాకా పోయి ఉంటుంది. మధ్యలో ఆనె అనో, సెగగడ్డ అనో, బోదకాలు అనో, ఎముక క్షయ అనో, షుగర్ పుండు అనో రకరకాల పేర్లతో మందులు వాడేస్తుంటారు. అసలు జబ్బు పేరు తెలియడానికే ఏళ్లు పడుతుంది.

ఇది కొత్త జబ్బేమీ కాదు. చేతుల మీద, కాళ్ల మీద పుట్టలా లేచి, ఎన్నో నోళ్లతో రసి కారే ‘వల్మీకం’ అనే వ్యాధి గురించి సుశ్రుతుడు చెప్పాడు. వల్మీకమంటే పుట్టే. ఇంగ్లిష్ వైద్యుల కాలానికి వస్తే, 1842లో మదురైలో జాన్ గిల్ ఈ పాదాల గురించి రాశారు. తెలుగు, కన్నడం రెండూ వినిపించే బళ్లారిలో పనిచేసిన గాడ్‌ఫ్రే, అంతవరకూ ఎవరూ వర్ణించని పాదరోగమంటూ 1846లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఇలా చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. అయితే అదేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. అలాంటి పాదాన్ని కోసేయడం తప్ప మరో వైద్యమూ లేదు.

బొమ్మలు గీసే ఇంట్లో డాక్టరు

కార్టర్ 1831 మే 22న ఇంగ్లండ్‌లోని హల్‌లో పుట్టారు. పెరిగింది సముద్రపు ఒడ్డున ఉన్న స్కార్‌బరో పట్టణంలో. తండ్రి హెన్రీ బార్లో కార్టర్ నీటిరంగుల చిత్రకారుడు. తమ్ముడూ చిత్రకారుడే అయ్యాడు. హెన్రీకి కూడా చేయి బాగా తిరిగింది. కానీ వైద్యం చదవాలనుకున్నారు. పదిహేడేళ్ల వయసు వచ్చేసరికి లండన్ చేరి సెయింట్ జార్జెస్ ఆసుపత్రిలో విద్యార్థిగా చేరారు.

చదువయ్యాక రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో శరీర నిర్మాణం మీద ప్రత్యేకంగా పనిచేశారు. అక్కడ జాన్ క్వెకెట్ అనే మైక్రోస్కోపు నిపుణుడి దగ్గర సూక్ష్మంగా చూడటం నేర్చుకున్నారు. కంటికి కనిపించినదాన్ని కాగితం మీద దించడం ఇంట్లో నేర్చుకున్న విద్య. కంటికి కనిపించనిదాన్ని అద్దాల్లోంచి చూడటం కాలేజీలో నేర్చుకున్న విద్య. ఈ రెండూ కలిసే తర్వాతి రోజుల్లో మైసెటోమాను పట్టిచ్చాయి.

సెయింట్ జార్జెస్‌లోనే కార్టర్ కంటే కొన్నేళ్లు పెద్దవాడు, పేరు తెచ్చుకోవాలనే పట్టుదల ఉన్నవాడు హెన్రీ గ్రే ఉండేవాడు. విద్యార్థులకు పనికొచ్చేలా శరీర నిర్మాణం మీద ఒక పుస్తకం రాద్దామని, బొమ్మలు గీయమని కార్టర్‌ను అడిగాడు. ఇద్దరూ కలిసి నెలల తరబడి శవాలు కోసి పరిశీలించారు. అవన్నీ దిక్కులేక చనిపోయిన పేదల శరీరాలు. గ్రే రాశాడు, కార్టర్ గీశారు. మొత్తం 363 బొమ్మలు. వాటిని ముద్రణ కోసం చెక్క దిమ్మల మీద అద్దంలో కనిపించినట్టు తిరగేసి గీయాలి. ఒక్క గీత తప్పినా దిమ్మ పాడవుతుంది.

అంతకుముందు పుస్తకాల్లో బొమ్మ మీద చిన్న అక్షరాలో అంకెలో వేసి, వాటి అర్థం కింద ఎక్కడో ఇచ్చేవారు. కార్టర్ అలా చేయలేదు. నరం పేరు నరం వెంబడే, కండరం పేరు కండరం మీదే రాశారు. చదివేవాడి చూపు పక్కకు పోకుండా చూసుకున్నారు. ఆ పుస్తకం నిలబడిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

150 పౌండ్లు, ఒక మైక్రోస్కోపు

1858లో పుస్తకం వచ్చింది. అమ్ముడైన ప్రతి వెయ్యి ప్రతులకూ గ్రేకు 150 పౌండ్లు అందేలా ఒప్పందం. కార్టర్‌కు మాత్రం మొత్తం పనికంతా కలిపి ఒకేసారి 150 పౌండ్లు. ఆ తర్వాత ఎన్ని ముద్రణలు పడినా పైసా రాలేదు. పైగా ముఖచిత్రం తర్వాతి పుటలో ఇద్దరి పేర్లూ ఒకే సైజులో వేస్తే, కార్టర్ పేరు చిన్నది చేయమని గ్రే ప్రూఫులోనే దిద్దాడు. బొంబాయిలో కార్టర్‌కు వచ్చిన కొత్త ఉద్యోగం హోదానూ కొట్టేశాడు.

కార్టర్ గొడవ పడే మనిషి కాదు. తన డైరీలో తనను తానే నిలదీసుకునే రకం. చేతికొచ్చిన ఆ 150 పౌండ్లతో ఎన్నాళ్ల నుంచో కొనాలనుకుంటున్న మైక్రోస్కోపు కొనుక్కున్నారు. దాన్ని వెంటపెట్టుకుని ఇండియన్ మెడికల్ సర్వీస్ ఉద్యోగిగా 1858లోనే ఓడెక్కి బొంబాయి వచ్చేశారు. పుస్తకం అచ్చై బయటికి వచ్చేనాటికి ఆయన లండన్‌లో లేరు. గ్రే కూడా ఎక్కువకాలం బతకలేదు. మశూచి సోకిన సోదరుడి కొడుకుకు సేవచేసి, అదే జబ్బుతో 1861లో 34 ఏళ్లకే చనిపోయాడు. పుస్తకం మాత్రం అతని పేరుతోనే ఇప్పటికీ కొత్త కూర్పులు వేసుకుంటూనే ఉంది.

బొంబాయిలో నల్ల గింజలు

బొంబాయిలో కార్టర్ గ్రాంట్ మెడికల్ కాలేజీలో శరీర నిర్మాణం, శరీర ధర్మశాస్త్రం బోధించే ప్రొఫెసర్. పక్కనే ఉన్న జంషెడ్‌జీ జీజీభాయ్ ఆసుపత్రిలోనూ పని. అక్కడికి పల్లెల నుంచి విచిత్రమైన పాదాలతో రోగులు వచ్చేవారు. పాదం ఉబ్బి గుండ్రంగా మారేది. అరికాలు కిందికి పొడుచుకొచ్చి వేళ్లు నేలకు ఆనేవి కాదు. పైన పది పన్నెండు బొడిపెలు, ప్రతి బొడిపెకూ ఒక రంధ్రం. వాటిలోంచి జిగట రసితో పాటు, కొందరిలో తుపాకీ మందులాంటి నల్లటి పలుకులు, కొందరిలో చేపగుడ్లలాంటి పసుపు, తెలుపు గింజలు వచ్చేవి. చివరికి సర్జన్లు కాలు తీసేసేవారు.

తీసేసిన కాలును మిగతావారు పక్కన పెట్టేసేవారు. కార్టర్ దాన్ని కోసి చూశారు. ఎముకల్లో, కండలో గుహల్లాంటి ఖాళీలు. వాటిని కలుపుతూ సన్నటి సొరంగాలు. ఆ గుహల్లో గట్టిగా కూరుకుని నల్లటి ఉండలు. ఒక ఉండను తీసి, పలుచగా చేసి, లండన్ నుంచి తెచ్చుకున్న మైక్రోస్కోపు కింద పెట్టారు. అది గడ్డకట్టిన రక్తం కాదు, ఎండిన చీమూ కాదు. కొమ్మలు వేసుకుంటూ అల్లుకున్న సన్నటి పోగులు. ప్రాణమున్న ఫంగస్.

ఈ జబ్బు ఫంగస్ వల్ల వస్తోందని, దేశంలో చాలా ప్రాంతాల్లో పాతుకుపోయి ఉందని ఆయన 1860లో బొంబాయి మెడికల్ అండ్ ఫిజికల్ సొసైటీ పత్రికలో వివరంగా రాశారు. మైసెటోమా అనే పేరు పెట్టింది కూడా ఆయనే. ఫంగస్ కణితి అని దాని అర్థం. నల్ల గింజల రకం వేరు, లేతరంగు గింజల రకం వేరు అని విడదీసి చూపించారు. ఎర్ర గింజలనూ గుర్తించారు. క్రిముల వల్ల జబ్బులొస్తాయని కాక్, పాశ్చర్ లోకాన్ని నమ్మించడానికి ఇంకా చాలా ఏళ్లున్న రోజులవి. ఫంగస్ ఒక మనిషి కాలు ఎముకను తినేస్తుందంటే నమ్మడం అప్పట్లో చిన్న విషయం కాదు.

గులాబీ బూజు చేసిన మోసం

ఇక్కడే కార్టర్‌కు ఒక పొరపాటు జరిగింది. తీసేసిన పాదం ముక్కలను నీళ్లలో నానబెట్టి ఉంచితే వాటి మీద గులాబీ రంగు బూజు పుట్టింది. గింజల్లో ఉన్న ఫంగసే ఇలా బయటికొచ్చి పెరిగిందని ఆయన అనుకున్నారు. ఇంగ్లండ్‌లో ఫంగస్‌ల మీద పెద్ద పండితుడైన బర్కిలీకి పంపారు. ఆయన దానికి కార్టర్ పేరే పెట్టి కయొనైఫీ కార్టెరి అన్నారు. తర్వాత తేలిందేమిటంటే ఆ బూజుకూ జబ్బుకూ సంబంధం లేదు. నిలవ ఉంచిన ముక్క మీద గాల్లోంచి వచ్చి వాలిన మామూలు బూజు అది.

కోల్‌కతాలో పనిచేసే తిమోతి లూయిస్, డేవిడ్ కనింగ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు 1875లో ఈ లోపాన్ని పట్టుకుని, అసలు ఫంగస్ వల్లే జబ్బు వస్తుందన్న మాటనే సందేహించారు. కార్టర్ అంతకు ముందేడాది, 1874లో, మైసెటోమా మీద ఒక పెద్ద గ్రంథం రంగుల బొమ్మలతో సహా ప్రచురించి ఉన్నారు. ఆయన చెప్పిన మూలకారణం సరైనదే. చూపించిన సాక్ష్యంలో ఒకటి మాత్రం తప్పు.

ఈ పొరపాటును ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఇప్పటికీ అదే పొరపాటు జరుగుతుంది. పుండు పైనుంచి దూదితో రసి తుడిచి పరీక్షకు పంపితే, పైపైన చేరిన ఏవేవో బ్యాక్టీరియా రిపోర్టులో కనిపిస్తాయి. అవే జబ్బుకు కారణమనుకుని మందులు రాసేస్తే అసలు దొంగ లోపలే ఉండిపోతాడు. అందుకే మైసెటోమాలో పరీక్షకు పంపాల్సింది పైన కారే రసిని కాదు, లోపలి గింజను. లోతు నుంచి తీసిన కండ ముక్కను.

పాదం తర్వాత కుష్ఠు, కుష్ఠు తర్వాత జ్వరం

కార్టర్ వ్యక్తిగత జీవితం సుఖంగా సాగలేదు. బొంబాయిలో చేసుకున్న పెళ్లి విడిపోవడంతో ముగిసింది. 1863 నుంచి దాదాపు తొమ్మిదేళ్లు సతారాలో సివిల్ సర్జన్‌గా పనిచేశారు. అక్కడ కుష్ఠు రోగుల మీద శ్రద్ధ పెరిగింది. సెలవు తీసుకుని నార్వే వెళ్లి, 1873లో కుష్ఠు క్రిమిని కనిపెట్టిన హాన్సెన్ పని దగ్గరుండి చూసొచ్చారు. కుష్ఠు పాపఫలమనో వంశంలో ఉందనో అనుకుంటున్న మనదేశంలో, అది క్రిమి వల్ల వచ్చే జబ్బని చెప్పిన తొలి వైద్యుల్లో ఆయన ఒకరు.

1877లో కరవు వచ్చింది. ఆకలితో పల్లెల నుంచి బొంబాయి చేరిన జనంలో తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టే జ్వరం పాకింది. కార్టర్ మళ్లీ మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. రోగుల రక్తంలో మెలికలు తిరిగిన క్రిములను చూశారు. ఆ పనిలో తనకే ఆ జ్వరం సోకింది. కోలుకుని మళ్లీ పనిచేశారు. 1882లో ఆ జ్వరంపై రాసిన పుస్తకానికి బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ వారి స్టీవార్ట్ బహుమతి వచ్చింది. ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ చెప్పిన మలేరియా పరాన్నజీవిని మనదేశంలో రోగుల రక్తంలో చూసి నిర్ధారించిన మొదటివారిలోనూ కార్టర్ ఉన్నారు.

ముప్పై ఏళ్ల ఉద్యోగం ముగించుకుని 1888లో రిటైరై స్కార్‌బరో వెళ్లిపోయారు. 1890లో మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఇద్దరు పిల్లలు పుట్టారు. 1897 మే 4న క్షయతో కన్నుమూశారు. అప్పటికి 65 ఏళ్లు. సరిగ్గా మూడున్నర నెలల తర్వాత, ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. ఆ మర్నాటి వార్తలు వినడానికి కార్టర్ లేరు.

ఆయన వినలేకపోయిన మరో వార్త కూడా ఉంది. 1898లో అమెరికాలోని బోస్టన్‌లో జేమ్స్ హోమర్ రైట్ ఒక రోగి పాదంలోని నల్ల గింజల నుంచి ఫంగస్‌ను పెంచి చూపించారు. నల్ల గింజ గురించి 38 ఏళ్ల కిందట కార్టర్ చెప్పింది నిజమేనని అలా రుజువైంది.

గింజ ఒకటే కాదు, జాతులు రెండు

లేతరంగు గింజల కథ వేరేగా తిరిగింది. 1894లో అల్జీరియాలో విన్సెంట్ అనే వైద్యుడు తెల్ల గింజల నుంచి ఒక క్రిమిని పెంచారు. అది పోగుల్లా కనిపించినా ఫంగస్ కాదు, బ్యాక్టీరియా జాతిదని తర్వాత తేలింది. 1913లో పినోయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త రెండింటినీ స్పష్టంగా విడదీశారు. అంటే మైసెటోమా పైకి ఒకేలా కనిపించే రెండు వేర్వేరు జబ్బులు. నిజమైన ఫంగస్ వల్ల వచ్చేది యూమైసెటోమా. బ్యాక్టీరియా వల్ల వచ్చేది ఆక్టినోమైసెటోమా. రంగును బట్టి కార్టర్ గీసిన గీత ఇలా కొత్త అర్థంతో నిలబడింది.

ఈ తేడా పుస్తకాల్లో ఉండిపోయే సంగతి కాదు. పాదం మిగులుతుందా పోతుందా అన్నది చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది. బ్యాక్టీరియా రకానికి తగిన యాంటీబయోటిక్స్ కొన్ని నెలలు వాడితే ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే నయమవుతుంది. ఫంగస్ రకానికి ఆ యాంటీబయోటిక్స్ ఎన్ని వాడినా పనిచేయవు. ఇట్రాకొనజోల్ వంటి మందులు ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువకాలం వాడాలి. మధ్య మధ్యలో కాలేయం పరీక్షలు చేయించుకోవాలి. చాలామందికి గడ్డను తొలగించే ఆపరేషన్ కూడా అవసరమవుతుంది. దక్షిణ భారతంలో బ్యాక్టీరియా రకం ఎక్కువ, రాజస్థాన్ వంటి పొడి ప్రాంతాల్లో ఫంగస్ రకం ఎక్కువ. అంతమాత్రాన మన దగ్గర పరీక్ష లేకుండా ఊహించి మందు మొదలుపెట్టడం సరికాదు.

ఎలా గుర్తించాలి?

మూడు లక్షణాలు కలిసి కనిపిస్తే మైసెటోమాను అనుమానించాలి.

• నెలల తరబడి మెల్లగా పెరుగుతున్న, నొప్పి పెద్దగా లేని గట్టి వాపు. ఎక్కువగా పాదంలో వస్తుంది. చేతిలో, మోకాలి దగ్గర, బరువులు మోసేవారికి వీపు మీద కూడా రావొచ్చు.

• వాపు మీద ఒకటి కంటే ఎక్కువ రంధ్రాలు. ఒకటి మానుతుంటే పక్కన మరొకటి తెరుచుకుంటుంది.

• రసిలో గింజలు. కట్టు విప్పినప్పుడు గాజుగుడ్డకు అంటుకుని కనిపించవచ్చు. మామూలుగా గసగసాలంత ఉంటాయి.

గింజలు కనిపిస్తే కడిగేసుకోకుండా, ఆ కట్టునే శుభ్రమైన డబ్బాలో పెట్టుకుని డాక్టరుకు చూపించాలి. రంగు చాలా సంగతులు చెబుతుంది. నల్ల గింజలైతే ఫంగస్ రకం. ఎర్రవైతే బ్యాక్టీరియా రకం. తెల్లవి, పసుపువి రెండింటిలో ఏదైనా కావొచ్చు కాబట్టి వాటికి పరీక్షే దిక్కు.

తొలిదశలో రంధ్రాలు గానీ గింజలు గానీ ఉండవు, ఒట్టి గడ్డే ఉంటుంది. పాదంలో గడ్డ మూడు నాలుగు నెలలైనా తగ్గకుండా పెరుగుతుంటే, ఎప్పుడో ముల్లు గుచ్చుకున్న సంగతి గుర్తుంటే, చర్మవ్యాధి నిపుణులకు గానీ సర్జన్‌కు గానీ చూపించాలి. ముల్లు గుర్తు లేకపోయినా సరే. చాలామందికి గుర్తుండదు.

ఏయే పరీక్షలు చేస్తారు?

గింజను స్లైడు మీద నలిపి మైక్రోస్కోపులో చూడటం మొదటి పరీక్ష. కార్టర్ చేసిందీ ఇదే. పోగులు లావుగా ఉంటే ఫంగస్, మరీ సన్నగా ఉంటే బ్యాక్టీరియా. ప్రత్యేకమైన రంగులు వేసి దీన్ని నిర్ధారిస్తారు. గింజలు బయటికి రాకపోతే సూదితో లోపలి నుంచి కొంత లాగి చూస్తారు. లేదా లోతుగా బయాప్సీ తీస్తారు. ఆ ముక్కలో సగం మైక్రోస్కోపు పరీక్షకు, సగం కల్చర్‌కు వెళ్లాలి. కల్చర్‌లో ఫంగస్ పెరగడానికి వారాలు పడుతుంది కాబట్టి ఓపిక పట్టాలి. అప్పటికే యాంటీబయోటిక్స్ వాడి ఉంటే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. ఏయే మందులు వాడారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. కొన్ని పెద్ద కేంద్రాల్లో క్రిమి జన్యుపదార్థాన్ని బట్టి గుర్తించే పీసీఆర్ పరీక్ష కూడా ఉంది.

ఎముకకు పాకిందా లేదా అన్నది ఎక్స్‌రేలో తెలుస్తుంది. తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. గడ్డ లోపల ఎంతవరకు విస్తరించిందో అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐ చెబుతాయి. ఎంఆర్‌ఐలో తెల్లటి వలయం మధ్య నల్లటి చుక్కలు కనిపిస్తే అది మైసెటోమాకు గట్టి సూచన. ఆ చుక్క మరేదో కాదు, గింజే.

ఇవీ చర్మం కింది ఫంగస్‌లే

మిద్దె తోటలు, పెరటి మొక్కలు పెంచుకునే ఇళ్లలో తెలిసి ఉండాల్సినవి మరికొన్ని ఉన్నాయి. గులాబీ ముల్లు గుచ్చుకున్న వేలి మీద పుండు లేచి, అక్కడి నుంచి చేయి పైకి వరసగా ముడుల్లా గడ్డలు వస్తే స్పోరోట్రైకోసిస్ కావొచ్చు. కాలి మీద గోబీ పువ్వులా గరుకైన పులిపిరులు ఏళ్ల తరబడి పెరుగుతూ, వాటి మీద సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తే క్రోమోబ్లాస్టోమైకోసిస్‌ను అనుమానించాలి. పిల్లల పిరుదు మీదో తొడ మీదో చెక్కలా గట్టిగా, నొప్పి లేకుండా వాపు వ్యాపిస్తూ, దాని అంచు కిందికి వేలు పోనిచ్చి ఎత్తగలిగేలా ఉంటే బాసిడియోబోలోమైకోసిస్ కావొచ్చు. ఇది క్యాన్సర్ గడ్డేమోనని కంగారు పెడుతుంది గానీ మందులతో తగ్గుతుంది. వీటన్నిటికీ బయాప్సీయే తేల్చే పరీక్ష. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే గజ్జి, తామర పూతమందులు వేటికీ పనిచేయవు. స్టెరాయిడ్ కలిసినవైతే హాని చేస్తాయి.

గుర్తుంచుకోవాల్సినవి

• మైసెటోమా ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఇంట్లో పనిచేసేవారికి ఉందని దూరం పెట్టాల్సిన పని లేదు.

• గడ్డను ఇంట్లో పిండటం, బ్లేడుతో గాటు పెట్టించడం, ఆకుపసర్లు కట్టడం వద్దు. తెలిసీ తెలియక సగం కోస్తే లోపల మిగిలినది మళ్లీ పెరుగుతుంది.

• బయాప్సీకి ముందు సొంతంగా యాంటీబయోటిక్స్ మింగొద్దు. రెండు వారాలు వాడి తగ్గిందనుకుని ఆపేయడం అసలే వద్దు.

• షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ముల్లు గుచ్చుకున్న సంగతే తెలియదు. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి.

• దీనికి టీకా లేదు. చెప్పులు, బూట్లే రక్షణ. పొలం పనికి, తోట పనికి మందపాటి అట్ట ఉన్న చెప్పులు వేసుకోవాలి. ముల్లు గుచ్చుకుంటే పూర్తిగా తీసి, సబ్బు నీళ్లతో కడగాలి.

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మైసెటోమాను నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఈ జబ్బుతో ఎక్కువగా బాధపడే సూడాన్‌లో కొత్త మందుల మీద పరీక్షలు జరిగాయి. మందులు ఎన్ని వచ్చినా, సరైన రోగికి సరైన మందు అందాలంటే ముందు ఎవరో ఒకరు ఆ పాదాన్ని శ్రద్ధగా చూడాలి. మీ తోటమాలి కుంటుతున్నాడా? ఊళ్లో నాన్నగారు పాదానికి ఏడాదిగా కట్టు కట్టుకుంటున్నారా? ఈసారి కలిసినప్పుడు ఆ కట్టు ఒకసారి విప్పించి చూడండి. గడ్డ ఎన్నాళ్లుగా ఉందో అడగండి. రంధ్రాలు లెక్కపెట్టండి. గుడ్డకు గింజలేమైనా అంటుకున్నాయేమో వెలుతురులో చూసి, ఆ కట్టుతో సహా వాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లండి.